యుద్ధపు జమాఖర్చుల్లో స్త్రీల పద్దు ఎక్కడ?

యుద్ధం అనగానే సైనికులు, సరిహద్దులు, బాంబులు గుర్తుకొస్తాయి. ఆ యుద్ధంతో ఏ సంబంధమూ లేని దేశాల్లో పొయ్యిలు ఆరిపోవడం ఏ యుద్ధపటంలోనూ కనిపించదు. 1990 ఆగస్టు 2న ఇరాక్ కువైట్‌ను ఆక్రమించినప్పుడు జరిగింది ఇదే.

జూలైలో పీపా 20 డాలర్ల లోపు ఉన్న ముడిచమురు ధర అక్టోబరు నాటికి 40 డాలర్లకు చేరింది. చమురు కొనుక్కునే చిన్న దేశాలకు ఇది మొదటి దెబ్బ. గల్ఫ్ నుంచి ఇంటికొచ్చే జీతం డబ్బు ఆగిపోవడం రెండో దెబ్బ. ఇరాక్‌పై ఐక్యరాజ్యసమితి ఆంక్షలతో సరుకు అమ్ముకునే చోటు పోవడం మూడోది. శ్రీలంకకు ఈ మూడూ ఒకేసారి తగిలాయి. దాని తేయాకుకు ఇరాక్ ముఖ్యమైన కొనుగోలుదారు. కువైట్‌లోని శ్రీలంక కార్మికుల్లో అత్యధికులు ఇళ్లలో పనిచేసే స్త్రీలు. జోర్డాన్‌కు దాదాపు 3 లక్షల మంది తిరిగొచ్చారు. తమ ప్రభుత్వ వైఖరి సౌదీకి నచ్చనందుకు యెమెన్ కార్మికులు లక్షల్లో సౌదీ అరేబియా విడిచి రావలసివచ్చింది.

మన దేశం దాదాపు 1,70,000 మందిని విమానాల్లో వెనక్కి తెచ్చింది. యుద్ధం ఒక్కటే కారణం కాకపోయినా, అప్పటికే బలహీనంగా ఉన్న మన విదేశీమారక నిల్వలు ఈ దెబ్బతో అడుగంటాయి. 1991లో ప్రభుత్వం బంగారం తాకట్టు పెట్టి ఐ.ఎం.ఎఫ్. షరతులకు తలొగ్గింది. ఆ తర్వాత పొదుపు పేరుతో కోతలు వచ్చినప్పుడల్లా లోటు పూడ్చింది ఇంట్లో స్త్రీ చాకిరీయే.

ఈ నష్టానికి బాధ్యులెవరు? ఐక్యరాజ్యసమితి ఛార్టరు 50వ అధికరణం ప్రకారం, ఆంక్షల వల్ల నష్టపోయిన దేశం భద్రతామండలిని సంప్రదించవచ్చు. 1990లో 21 దేశాలు దాన్ని ఆశ్రయించాయి. కానీ అది సంప్రదించే హక్కే తప్ప పరిహారం పొందే హక్కు కాదు.

వ్యక్తుల విషయంలో మాత్రం ఒక మంచి పద్ధతి వచ్చింది. 1991లో ఏర్పడిన ఐక్యరాజ్యసమితి పరిహార కమిషన్ కంపెనీల కంటే వ్యక్తుల క్లెయిములకు ముందు స్థానం ఇచ్చింది. యుద్ధం వల్ల ఇరాక్, కువైట్ విడిచి వచ్చిన వ్యక్తికి తక్కువ రుజువులతోనే 2,500 నుంచి 4,000 డాలర్ల వరకు నిర్ణీత మొత్తం ఇచ్చింది. పాస్‌పోర్టు యజమాని చేతిలో, జీతం అతని నోటిమాటలో ఉండే ఇంటిపని స్త్రీకి ఈ పద్ధతి ఎంత అవసరమో వేరే చెప్పనక్కరలేదు.

అయితే ఆ సొమ్ము ఇరాక్ చమురు అమ్మకాల నుంచి వచ్చింది. 2022 జనవరిలో చివరి వాయిదాతో మొత్తం 5,240 కోట్ల డాలర్లు చెల్లింపయ్యాయి. యుద్ధాన్ని నిర్ణయించని ఇరాకీ స్త్రీలు, ఒకపక్క ఆంక్షల కింద నలుగుతూనే, ఈ బాకీ మోశారు. ఒక దేశపు పేద స్త్రీకి దక్కిన న్యాయం మరో దేశపు పేద స్త్రీ పళ్లెంలోంచి రావాలా?

2022 ఫిబ్రవరిలో రష్యా ఉక్రెయిన్‌పై దాడి చేశాక గోధుమ, చమురు, ఎరువుల ధరలు మళ్లీ ఎగిశాయి. పాలకుల తప్పుడు నిర్ణయాలతో ముందే కుంగిన శ్రీలంక ఏప్రిల్‌లో విదేశీ అప్పులు కట్టలేనని ప్రకటించింది. దాని నష్టాన్ని ఆలకించడానికి ఈసారి ఏ కమిషనూ లేదు.

కడప, గోదావరి జిల్లాల నుంచి స్త్రీలు నేటికీ ఇంటిపనికి కువైట్ వెళుతున్నారు. ఇంటిపని కార్మికుల హక్కులపై 2011లో వచ్చిన ఐ.ఎల్.ఓ. 189వ ఒడంబడికను మన దేశం ఇంకా ధ్రువీకరించలేదు. ఒప్పందం నకలు, పాస్‌పోర్టు కార్మికురాలి చేతిలోనే ఉండాలనీ, యుద్ధం వస్తే జీతం బాకీ వసూలు ప్రభుత్వ బాధ్యత కావాలనీ మనం ఇప్పుడే అడగాలి. విమానం ఎక్కించి ఇంటికి చేర్చడంతో బాధ్యత తీరిపోదు. తిరిగొచ్చిన స్త్రీకి రావలసింది జాలి కాదు, ఆమె కష్టార్జితం.