స్కూటర్‌ను పరీక్షించాల్సింది కొన్నవారా?

బెంగళూరు కేంద్రంగా నడిచే ఓలా ఎలక్ట్రిక్ 2024-25 చివరి త్రైమాసికంలో రూ.870 కోట్ల నష్టం చూపింది. మొదటి, రెండో తరం స్కూటర్ల వారంటీకి ఆ త్రైమాసికంలోనే రూ.250 కోట్లు ప్రత్యేకంగా కేటాయించాల్సి వచ్చింది. అమ్మకముందే పట్టుకోవాల్సిన లోపాలను రోడ్డెక్కాక సరిదిద్దబోతే ఎంత ఖరీదవుతుందో చెప్పే పద్దు ఇది.

కొన్నవారి నష్టానికి మాత్రం పద్దు లేదు. 2023 సెప్టెంబరు నుంచి 2024 ఆగస్టు దాకా జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు ఈ సంస్థపై 10,644 ఫిర్యాదులు వెళ్లాయి. వాటిలో 3,389 సర్వీసు ఆలస్యం గురించే. అక్టోబరులో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ షోకాజ్ నోటీసు ఇస్తే, 99.1 శాతం పరిష్కరించామని కంపెనీ బదులిచ్చింది. బండి సర్వీసు సెంటర్లో పడి ఉన్నన్నాళ్లూ డెలివరీ కుర్రాడికి సంపాదన ఉండదు, బ్యాంకు వాయిదా ఆగదు. ఆ రోజులను ఎవరు తిరిగిస్తారు?

ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్కు సంగతే చూడండి. అది విరిగిన ఫొటోలు 2023 ఆరంభంలో సామాజిక మాధ్యమాలకెక్కాయి. ఆ భయాలు నిరాధారమన్న కంపెనీయే, మార్చిలో కొత్త ఫోర్కు ఉచితంగా బిగిస్తామంది. భయం నిరాధారమైతే మార్చడమెందుకు? గుంతల రోడ్లు బెంగళూరుకు కొత్త కావు. వాటిమీద ఇద్దరిని ఎక్కించి, వానలోనూ ఎండలోనూ నెలల తరబడి నడిపి చూడటం ఫ్యాక్టరీ గేటు దాటకముందు జరగాల్సిన పని. డెలివరీకి ముందు బోల్టుల బిగింపు, బ్రేకులు, బ్యాటరీ కనెక్టర్లు చూడాలి. ఆపైన గడువు తప్పకుండా సర్వీసు చేయాలి. ఇవేవీ కొత్తగా కనిపెట్టాల్సిన విద్యలు కావు. ఈ పనిలో మిగుల్చుకున్న డబ్బే తరవాత వారంటీ పద్దులో పోయింది.

ప్రభుత్వమూ బాధ్యత తప్పించుకోలేదు. 2022 ఏప్రిల్‌లో నిజామాబాద్‌లో, విజయవాడలో ఛార్జింగ్‌లో ఉన్న స్కూటర్ బ్యాటరీలు ఇళ్లలో పేలి మనుషులు చనిపోయారు. వేరే కంపెనీల బండ్లవి. బ్యాటరీ భద్రత ప్రమాణాలు కఠినమై అమల్లోకి రావడం మొదలైంది ఆ ఏడాది డిసెంబరు 1న. ప్రాణం పోయాక నిబంధన బిగించే ఈ ఆనవాయితీ రేపటి తయారీదారులకు ఎంతో ధీమా ఇస్తుంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం తయారీదారుపై బాధ్యత మోపింది, నిజమే. కానీ లోపం నిరూపించే భారం ఒంటరి కొనుగోలుదారుడి నెత్తినే ఉంది.

ఏ మోడల్‌లో ఏ భాగం ఎన్నిసార్లు వారంటీ కింద మార్చారో ప్రతి కంపెనీ ఏటా బహిరంగపరచేలా కేంద్రం ఆదేశించాలి. సర్వీసు బకాయిలు పేరుకున్న ఊళ్లో, అవి తీరేదాకా కొత్త బండ్ల అమ్మకాలు ఆపించాలి.