భిలాయి వెచ్చాల సంచీ

ధరలు పెరిగినప్పుడల్లా ఢిల్లీలో ఒక తంతు జరగడం ఆనవాయితీ. ప్రతిపక్షం ప్రభుత్వాన్ని దుయ్యబడుతుంది. పాలక పక్షం గత ప్రభుత్వాల లెక్కలు బయటకు తీస్తుంది. ఈ రెంటి నడుమ గృహిణికి ఉచితంగా దక్కేది పొదుపు చేయమన్న హితబోధ ఒక్కటే. జాబితా రాసుకుని కొనండి, టోకున కొనండి, వృథా తగ్గించండి అని చెప్పేవారికి కొదవ లేదు. ఆ మాటలలో తప్పు లేదు. కాని ఆ హితబోధ ఎవరికి పనికివస్తుంది, ఎవరికి పనికిరాదు అన్న ప్రశ్న మాత్రం ముమ్మాటికీ రాజకీయ ప్రశ్నే.

ఇందుకు ఉదాహరణగా రాజధానిని కాక భిలాయి ఉక్కు పట్టణాన్ని తీసుకుంటున్నాను. సోవియట్ యూనియన్‌తో 1955లో కుదిరిన ఒప్పందం ఫలితంగా వెలసిన అక్కడి కర్మాగారంలో తొలి బ్లాస్ట్ ఫర్నేసు 1959లో ప్రారంభమైంది. శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల నుంచి బతుకుతెరువు వెదుక్కుంటూ వెళ్లిన తెలుగు కుటుంబాలు ఆ పట్టణంలో తరాల తరబడి స్థిరపడ్డాయి. పొదుపు సంగతి వారికి ఎవరూ నేర్పనక్కరలేదు. రెండు మూడు ఇళ్లవారు కలిసి బియ్యం బస్తా కొని పంచుకోవడం, కొత్త పంట వచ్చే రోజులలో కందిపప్పు కొని ఎండబెట్టి డబ్బాలకు ఎత్తడం, సుపేలా ఆదివారపు సంతకు పొద్దువాలాక వెళ్లి కూరగాయలు బేరమాడడం వారికి వెన్నతో పెట్టిన విద్యలు. అప్పు చేసి పప్పుకూడు తినే అలవాటు అక్కడి తల్లులకు లేదు. అయినా ఒక విశ్రాంత కార్మికుని ఇల్లాలు నాతో అన్న మాట ఆలోచింపజేసింది: “బాబూ, చౌకగా కొనాలంటే ముందు ఒక్కసారే కొనగలిగే డబ్బు చేతిలో ఉండాలి కదా!”

ఈ మాటలోని సత్యానికి మన పన్నుల విధానమే సాక్ష్యం. ముందే తూచి, పేరు ముద్రించి, 25 కిలోల వరకు సంచులలో అమ్మే బియ్యం, పప్పులు, పిండి మీద 2022 జూలై 18 నుంచి 5 శాతం జి.ఎస్.టి. విధించారు. అంతకు మించిన బరువు గల సంచులకు ఆ పన్ను లేదు. వ్యాపారులు ఊరుకుంటారా? 26 కిలోల బస్తాలు బజారులోకి వచ్చాయి. కిలో 50 రూపాయలనుకుంటే, 25 కిలోల బస్తా పన్నుతో కలిపి 1,312 రూపాయల 50 పైసలు. 26 కిలోల బస్తా 1,300 రూపాయలే! ఎక్కువ బియ్యానికి తక్కువ సొమ్ము! విడిగా తూచి ఇచ్చే బియ్యానికి పన్ను లేదన్న మాట నిజమే. కాని సీలు వేసిన 5 కిలోల సంచీ కొనే చిరుద్యోగి పన్ను కడుతుండగా, పెద్ద బస్తా కొనగలిగినవారు కట్టనక్కరలేని ఈ ఏర్పాటును న్యాయమని ఎవరనగలరు?

తూనికల చట్టం కథ కూడా ఇటువంటిదే. కొన్ని సరుకులను నిర్ణీత బరువులలోనే ప్యాక్ చేయాలన్న పాత నియమాన్ని 2021 సవరణలో తొలగించారు. బదులుగా గ్రాముకు లేదా కిలోకు ఎంత పడుతుందో పొట్లం మీద ముద్రించాలన్నారు. ధర పెంచకుండా బరువు తగ్గించే కంపెనీల చాతుర్యాన్ని పట్టుకోవడానికి గృహిణి చేతిలో ఉన్న ఆయుధం ఆ ఒక్క అంకె. పెద్ద పొట్లమే ఎప్పుడూ చౌక అన్న నమ్మకం కొన్నిసార్లు తప్పని కూడా అదే చెబుతుంది. కాని చీమ తలకాయంత అక్షరాలలో దానిని ముద్రిస్తే ఎవరికి ఉపయోగం?

ఇక అసలు విషయానికి వస్తాను. పారిశ్రామిక కార్మికుల వినియోగ ధరల సూచి కోసం కేంద్ర లేబర్ బ్యూరో దేశంలోని 88 కేంద్రాలలో ధరలు సేకరిస్తుంది. వాటిలో భిలాయి ఒకటి. ఆ సూచిని బట్టి ప్రభుత్వరంగ ఉద్యోగులకు మూడు నెలలకోసారి కరువు భత్యం సవరిస్తారు. అంటే భిలాయి బజారులో పప్పు ధర పెరిగితే ఆ వార్త ప్రభుత్వానికి చేరుతుంది, జీతంలో కొంతైనా ప్రతిఫలిస్తుంది. కాని అదే కర్మాగారంలో జీవితమంతా ధారపోసి పదవీ విరమణ చేసిన కార్మికుని సంగతేమిటి? 1995 నాటి ఉద్యోగుల పింఛను పథకం కింద వచ్చే మొత్తానికి ధరల సూచితో ముడి లేదు. కనిష్ఠ పింఛను 1,000 రూపాయలని 2014లో నిర్ణయించినప్పుడు కూడా ఆ ముడి వేయలేదు. ఒకే సంతలో, ఒకే పప్పు కొనే ఇద్దరిలో ఒకరికి ధరల పెరుగుదల లెక్కలోకి వస్తుంది, రెండవవారికి రాదు. ఆ రెండవవారికే మనం పొదుపు బోధిస్తున్నాం!

ప్రభుత్వం తలచుకుంటే చేయగలదనడానికి నిదర్శనం ఛత్తీస్‌గఢ్‌లోనే ఉంది. 2004లో ఆ రాష్ట్రం చౌక ధరల దుకాణాలను ప్రైవేటు డీలర్ల నుంచి తప్పించి పంచాయతీలకు, సహకార సంఘాలకు, మహిళా బృందాలకు అప్పగించింది. జాన్ డ్రేజ్, రీతికా ఖేరాల లెక్క ప్రకారం 2004-05లో దాదాపు సగం ధాన్యం దారి మళ్లగా, 2011-12 నాటికి అది పదో వంతుకు తగ్గింది. అయితే 2023 నుంచి ఉచితంగా ఇస్తున్న 5 కిలోల ధాన్యంతో వంటిల్లు నిండదు. కేంద్ర ఆహార భద్రతా చట్టం హామీ ఇచ్చిన సరుకులలో పప్పు లేదు, నూనె లేదు.

ఆ వెలితిని తీర్చవలసినవి వినియోగదారుల సహకార భాండాగారాలు. 1966లో రూపాయి విలువ తగ్గించిన తరువాత ధరలు ఎగసినప్పుడు ఢిల్లీ కన్నాట్ ప్లేస్‌లో సూపర్ బజార్ వెలసింది. అది నష్టాలలో కూరుకుపోగా 2002లో మూసివేతకు ఉత్తర్వులు వెలువడ్డాయి. దీనిని చూపి సహకార సూత్రమే పనికిరాదనేవారు 1844లో ఇంగ్లండులోని రోచ్‌డేల్‌లో కొద్దిమంది కార్మికులు పిండి, వెన్న, చక్కెరలతో తెరచిన దుకాణాన్ని మరువరాదు. అక్కడ కొన్నవారే యజమానులు. లాభం వారి కొనుగోళ్లను బట్టి వారికే తిరిగి వచ్చింది. సర్కారు పెత్తనం కింద నడిచే దుకాణానికీ, సభ్యులు కాపలా కాసే దుకాణానికీ ఉన్న తేడా ఇదే.

కనుక ఢిల్లీ పెద్దలకు నా విన్నపం నాలుగే ముక్కలు. పింఛనును ధరల సూచితో ముడివేయండి. చిన్న సంచీ మీద పన్ను తీసివేయండి. కిలో ధరను కంటికి కనిపించేలా, ప్రాంతీయ భాషలో ముద్రింపజేయండి. ఉక్కు పట్టణాల వంటి చోట్ల సభ్యుల సహకార దుకాణాలకు స్థలమూ, తొలి పెట్టుబడీ సమకూర్చి పక్కకు తప్పుకోండి. ఈ నాలుగూ జరిగిన తరువాత పొదుపు గురించి ఎంత చెప్పినా ఆ తల్లులు ఓపికగా వింటారు.