క్రొత్త నగరము – తెలిసిన తోడు

దేశాటనము విద్యలో నొక భాగమని పెద్దలు చెప్పుదురు. అయితే దేశాటనము చేసిన వారందరును విద్యావంతులై తిరిగి వచ్చుచున్నారా? కొందరు పది దినములలో పది నగరములు చుట్టి, ప్రతి కట్టడము ముందును నిలిచి ఫొటో తీయించుకొని యింటికి వచ్చెదరు. ఆ కట్టడము నెవరు కట్టించిరి, ఎందులకు కట్టించిరి, అది యెన్నిమారులు కూలి యెన్నిమారులు లేచినది అని యడిగినచో తెల్లబోవుదురు. వారి కన్నులు చూచినవి గాని మనస్సు చూడలేదు. క్రొత్త నగరమును మనస్సుతో చూడవలెనన్న ఆ నగరమున పుట్టి పెరిగినవాడో, చిరకాలము వసించినవాడో యొకడు మన ప్రక్కన నడువవలెను. మొదటి దినమునందైనను అట్టి తోడు అవసరమని నా యభిప్రాయము. జపాను దేశపు రాజధానియైన టోక్యోను ఉదాహరణముగా గైకొని ఈ విషయమును విచారింతము.

టోక్యో నగరపు పూర్వనామము ఎడో. 1590లో తోకుగావా ఇయెయసు అను ప్రభువు అచ్చటి కోటలో ప్రవేశించునాటికి అది సముద్రతీరమున నున్న చిన్న యూరు. 1603లో ఆయన షోగను, అనగా సర్వసేనాధిపతి, అయ్యెను. ఆనాటినుండి దేశపాలనము ఎడో నుండియే సాగెను. 1868లో చక్రవర్తి పేర ప్రభుత్వము నెలకొనినప్పుడు ఆ నగరమునకు టోక్యో అని పేరిడిరి. తూర్పు రాజధాని యని దాని యర్థము. నేడు టోక్యో పాలనా పరిధిలో దాదాపు 1 కోటి 40 లక్షల మంది నివసించుచున్నారు. నగర మధ్యభాగమును చుట్టివచ్చు యామనోతె రైలుమార్గమున 30 స్టేషనులు కలవు. ఒకమారు చుట్టివచ్చుటకు సుమారు ఒక గంట పట్టును. ఆ మార్గమందలి షింజుకు స్టేషను నుండి వెలుపలికి వచ్చుటకు 200కు పైగా ద్వారములు కలవు. ఒక ద్వారమునకు బదులు వేరొక దానినుండి వెలువడిన క్రొత్తవాడు తాను చేరవలసిన చోటికి చాల దూరమున తేలును.

అచ్చటి చిరునామాల పద్ధతియు మనకు వింతగా తోచును. పెద్ద మార్గములకు తప్ప సామాన్య వీధులకు పేరులుండవు. పేటను భాగములుగను, భాగమును ఖండములుగను విభజించి, ఖండమున కొక సంఖ్యయు, అందలి యింటి కొక సంఖ్యయు నిత్తురు. ఇండ్ల సంఖ్యలలోని గందరగోళమును తగ్గించుటకు 1962లో ఒక చట్టము చేసిరి. అయినను, వీధికి గాక ఖండమునకే గుర్తు నిచ్చు పద్ధతి మాత్రము మారలేదు.

"చేత సెల్‌ఫోను ఉండగా దారికేమి కొదవ?" అని మీరడుగవచ్చును. ఆ మాట నిజమే. ఎన్నవ ద్వారమున వెలుపలికి రావలెనో, ఎచ్చట మలుపు తిరుగవలెనో ఆ పరికరము చక్కగా చెప్పును. దారి చూపుటకే యైనచో నేడు మనుష్యుని తోడు అక్కరలేదు. కాని యంత్రము మనమడిగిన దానికి మాత్రమే బదులు చెప్పును. క్రొత్తచోట నేమడుగవలెనో తెలియకుండుటయే మనకున్న అసలు కొరత. ఇంట నిఘంటువు కలదని బడికి పోవుట మానుకొందుమా? పదమునకు అర్థము నిఘంటువు చెప్పును. ఏ పదమునొద్ద ఆగి ఆలోచింపవలెనో ఉపాధ్యాయుడు చెప్పును. నగరమును చూపు మార్గదర్శియు అట్టివాడే.

టోక్యోకు పోయిన యాత్రికులలో అసకుసా పేటయందలి సెన్సోజీ ఆలయమును చూడనివారు అరుదు. 628వ సంవత్సరమున ఇద్దరు అన్నదమ్ములు సుమిదా నదిలో చేపలు పట్టుచుండగా వారి వలలో కన్నోన్ విగ్రహము పడెనని స్థలపురాణము. కన్నోన్ అనగా మన దేశమునుండి పోయిన బౌద్ధములోని అవలోకితేశ్వరుడే. ఒంటరిగా వచ్చిన యాత్రికుడు ఉరుముల ద్వారమున వ్రేలాడు పెద్ద యెర్రలాంతరును చూచును, అంగళ్లలో నాలుగు బొమ్మలు కొనును, వెడలిపోవును. తెలిసిన తోడున్నచో కథ యింతటితో ముగియదు. "ఈ ప్రధానమందిరము 1923 నాటి మహాభూకంపమునకు తట్టుకొని నిలిచినది. 1945 మార్చి నెలలో జరిగిన విమానదాడిలో కాలిపోయినది. మీరిప్పుడు చూచుచున్నది 1958లో తిరిగి కట్టినది" అని యాతడు చెప్పును. అంతవరకు అలంకారముగా తోచిన కట్టడము ఆ మాటతో చరిత్రయగును.

అట్టి మార్గదర్శి యాత్రికుని అచ్చటినుండి సుమిదా నదిని దాటించి, దక్షిణముగా యోకోఅమిచో అను ఉద్యానమునకు తీసికొనిపోవును. అందు ఫొటోలకు తగిన వింతలేవియు లేవు. చెట్లును, ఒక స్మారకమందిరమును కలవు. 1923 సెప్టెంబరు 1వ తేదీన, మధ్యాహ్నము కావచ్చు సమయమున, భూమి కంపించెను. ఇండ్లలో భోజనమునకై పొయ్యిలు మండుచుండుటచే కొయ్యయిండ్ల నగరమున పలుచోట్ల మంటలు లేచినవి. వేలకొలది జనులు మూటలతో, పరుపులతో వచ్చి ఈ మైదానమున తలదాచుకొనిరి. మంటలు సుడిగాలియై వారిపైబడినవి. ఈ యొక్కచోటనే సుమారు 38,000 మంది మరణించిరి. ఆ విపత్తులో మొత్తము మృతులు లక్షకు పైబడిరి. వారి స్మృతికై 1930లో ఈ మందిరమును కట్టిరి. 1945 మార్చి 10వ తేదీ నాటి రాత్రి అమెరికా విమానములు కురిపించిన నిప్పుబాంబులకు బలియైన సుమారు లక్షమందిలో అనేకుల అస్థికలును పిమ్మట ఇచ్చటనే యుంచిరి.

ఆ యుద్యానముననే మరియొక శిల కలదు. భూకంపానంతరము, కొరియా దేశీయులు బావులలో విషము కలుపుచున్నారని యొక వదంతి పుట్టెను. దానిని నమ్మి ఉన్మత్తులైన మూకలు నిరపరాధులైన కొరియావారి ననేకుల జంపెను. వారి స్మృతికై 1973లో ఆ శిలను నెలకొల్పిరి. తన నగరము పొందిన దుఃఖమును చూపుటతో తృప్తి చెందక, తన నగరము చేసిన పాపమును గూడ చూపగలవాడే నిజమైన మార్గదర్శి. నగరములకు కీర్తి మాత్రమే కాక కళంకమును ఉండును. రెండును తెలిసినగాని నగరము తెలిసినట్లు కాదు. 1960 నుండి జపానులో సెప్టెంబరు 1వ తేదీని విపత్తు నివారణ దినముగా పాటించుచు, పాఠశాలలలోను కార్యాలయములలోను ఆత్మరక్షణాభ్యాసము చేయించుచున్నారు. పిల్లలు బల్లల క్రింద దూరి తలలు కాపాడుకొనుట యచ్చట ఆట కాదు, పాఠము. ఆ పాఠ మెట్లు వచ్చినదో ఈ ఉద్యానమున నిలిచినవానికి తెలియును.

తెలిసిన తోడు మనకు మనవారినే చూపిన సందర్భములును కలవు. యుఎనో ప్రాంతమున షినోబజు అను కొలను కలదు. వేసవిలో తామరలు దానిని కప్పివేయును. పదునేడవ శతాబ్దిలో తెన్‌కై అను బౌద్ధాచార్యుడు, క్యోటో సమీపమందలి బివా సరస్సును తలపించునట్లు, ఈ కొలను నడుమ ఒక దీవిని ఏర్పరచి అందు బెంజైతెన్ దేవతకు గుడి కట్టించెను. ఆ దేవత యెవరో కాదు, మన సరస్వతియే! బౌద్ధముతో చైనా మీదుగా అచ్చటికి చేరినది. సాధారణముగా ఆమె చేత వీణకు బదులు బివా యను తంత్రీవాద్యము నుంచి చిత్రింతురు. ఈ మాట చెప్పువాడు లేనిచో, మనదేశపు యాత్రికుడు కొలనిలోని తామరలను మాత్రము చూచి, చదువులతల్లికి నమస్కరింపకయే వెడలిపోవును.

షింజుకు స్టేషను సమీపమున నకమురాయా అను ప్రసిద్ధమైన భోజనశాల కలదు. భారత స్వాతంత్ర్యమునకై పోరాడిన రాస్ బిహారీ బోస్ 1915లో ఆంగ్లేయుల చేతికి చిక్కక జపాను చేరినప్పుడు, ఆ దుకాణపు యజమానులైన సోమా దంపతులు ఆయనను తమ యింట దాచిరి. పిమ్మట వారి కుమార్తె తోషికోను ఆయన వివాహమాడెను. 1927 నుండి ఆ భోజనశాలలో భారతీయ పద్ధతిలో వండిన కూరను వడ్డించుచున్నారు. నేటికిని అది యచ్చట దొరకును. దానిని తినువాడు ఈ కథ నెరిగి తినుట వేరు, ఎరుగక తినుట వేరు.

ఆచారముల మాట చెప్పవలసి యున్నది. జపానులో రైలునందు కూర్చుండి ఫోనులో బిగ్గరగా మాటలాడుట మర్యాద కాదు. టోక్యోలో మరమెట్లపై నిలుచువారు ఎడమ ప్రక్కను, ఒసాకాలో కుడి ప్రక్కను నిలుతురు. అన్నపు గిన్నెలో పుల్లలను నిలువుగా గ్రుచ్చరాదు. ఒకరి పుల్లలనుండి మరియొకరి పుల్లలకు ఆహారము నందింపరాదు. ఈ రెండును మృతులకు సంబంధించిన కర్మలను స్ఫురింపజేయును. తెలియక తప్పు చేసిన విదేశీయుని జపానువారు సాధారణముగా మందలింపరు, మిన్నకుందురు. కావుననే మనకు తెలియజేయు మిత్రుడు మరింత అవసరము.

"ఒక జెండా వెంట నలువది మంది నడచు యాత్రాబృందములున్నవి కదా, అది చాలదా?" అని కొందరందురు. అది యేమియు లేకుండుట కంటె మేలే. కాని నలువది మందికి ఒకే వేగము, ఒకే రుచి యుండదు. మోకాలి నొప్పి గల ముసలివాడు వెనుకబడును. ప్రశ్న గల బాలుడు సిగ్గుపడి యూరకుండును. ఒక కుటుంబమునకు ఒక మార్గదర్శి యున్నచో నడక వారి కాలినిబట్టి సాగును. మాట వారి కుతూహలమునుబట్టి సాగును. చెట్లపై మక్కువ గలవానిని ఆతడు మెయ్జీ మందిరపు వనమునకు గొనిపోవును. 1920లో నెలకొల్పిన ఆ మందిరము చుట్టునున్న దట్టమైన అడవి తనంత తాను మొలచినది కాదు. దేశము నలుమూలలనుండి ప్రజలు కానుకగా పంపిన సుమారు లక్ష మొక్కలను, నూరేండ్లకు సహజారణ్యము కావలెనని పండితులు యోచించి నాటించినది. బండ్లపై ప్రీతి గల బాలుని రైలువంతెన యొద్దకు గొనిపోయి నిలుపును.

ఇక వ్యతిరేకవాదములను విందము. మొదటిది ఖర్చు. ఒక దినమునకు మార్గదర్శిని కుదుర్చుకొనుట సామాన్యునకు భారమే. అయితే యాత్రకు వేల రూపాయలు వెచ్చించి, దానిని అర్థము చేసికొనుటకు మాత్రము వెనుదీయుట వివేకము కాదు. అంత శక్తి లేనివారికి జపానులో స్వచ్ఛందముగా నగరము చూపు వారును కలరు. 1979లో ప్రారంభమైన గుడ్‌విల్ గైడుల పద్ధతి యట్టిది. వారికి జీతము లేదు. ప్రయాణపు ఖర్చులు మనము భరించిన చాలును.

రెండవది నమ్మకము. దుకాణదారులతో పొత్తు పెట్టుకొని యాత్రికులను అంగడినుండి అంగడికి త్రిప్పు మార్గదర్శులు ప్రపంచమున నెల్లయెడల కలరు. అందుచేతనే అర్హత విచారించి యెంచుకొనవలెను. జపానులో దుబాసీ మార్గదర్శులకై 1949లోనే చట్టము చేసిరి. విదేశభాషయందును, దేశపు భూగోళ చరిత్రలయందును పరీక్ష నెగ్గినవారికే అర్హతాపత్ర మొసగుదురు. 2018 నుండి ఆ పత్రము లేనివారును రుసుము గైకొని నగరము చూపవచ్చును గాని అర్హతనామమును వాడుకొనరాదు. పత్రమున్నంత మాత్రమున ప్రతివాడును ఉత్తముడు కాడు. అయినను విచారించుటకు అది యొక ఆధారము.

మూడవ వాదము స్వేచ్ఛ. దారితప్పి తిరుగుటలో నొక యానందము కలదని కొందరందురు. నేను కాదనను. ఒకని మాటయే వేదవాక్యముగా గొనుటయు తగదు. ఎంతటి విజ్ఞునకైనను తన యిష్టానిష్టములుండును. కావున మొదటి దినము తోడుతో నడువుడు. రెండవ దినము ఒంటరిగా నడువుడు. తెలిసినవాడు చూపిన చూపుతో ఒంటరిగా తిరిగినప్పుడు, దారి తప్పినను అర్థము తప్పదు.

యాత్రికునకును ధర్మములు కలవు. మార్గదర్శి కూలివాడు కాడు. ఆ దినమునకు ఆతడు గురువు. చెప్పిన వేళకు రావలెను. చెప్పినది వినవలెను. ఆతని నగరమును ఆతని యెదుట తేలిక చేసి మాటలాడరాదు. జపానులో బహుమతిగా పైసలు చేతిలో పెట్టు ఆచారము లేదు. కుదిరిన రుసుము నిచ్చి, శ్రద్ధగా రెండు ప్రశ్నలడిగినచో ఆతడు సంతోషించును.

బాలబాలికలారా! మీలో కొందరు ముందుముందు టోక్యోకు పోవచ్చును, అందరును పోకపోవచ్చును. కాని మీ యూరికి క్రొత్తవాడు రాకపోడు. మీ చెరువు నెవరు త్రవ్వించిరి? మీ గుడిలోని శిలాశాసనమున నేమున్నది? మీ వీధికి ఆ పేరెట్లు వచ్చినది? మీ యూరు ఏ వరదకు మునిగినది, ఏ కరవుకు ఓర్చినది? ఇవి తెలిసికొని చెప్పగలిగిన నాడు మీరును మార్గదర్శులే. తన యూరిని ఎరిగినవాడే పరుల యూరిని గౌరవింపగలడు. ఈ ప్రశ్నలకు సమాధానములు మీ యింటి పెద్దల యొద్ద నున్నవి. వారుండగనే అడిగి తెలిసికొనుడు.