తవుడును ముక్కబెట్టి నూనె రాలేదంటారా?

బియ్యం మీది నుంచి రాలిన క్షణం నుంచే తవుడు చెడడం మొదలవుతుంది. గింజలో ఉన్నంతసేపు నూనె ఒకచోట, దాన్ని విరగ్గొట్టే లైపేజ్ ఎంజైమ్ ఇంకోచోట ఉంటాయి. పాలిష్ పట్టగానే రెండూ కలిసిపోతాయి. పచ్చి బియ్యం తవుడులో ఫ్రీ ఫ్యాటీ యాసిడ్ ఒక్క రోజులోనే 5 నుంచి 7 శాతం పెరుగుతుంది. ఇది తెలిసీ బస్తాల్లో కుక్కి, లారీ నిండేదాకా గోడౌన్‌లో పడేయడం నేరం. అవును, నేరమనే అంటున్నాను. వంటనూనెలో సగానికి పైగా బయటి దేశాల నుంచి కొనుక్కుంటున్నాం మనం!

1967లో నాగార్జునసాగర్ నీళ్లొచ్చాక మిర్యాలగూడ, కోదాడ వైపు ఎడమ కాలువ కింద నేలంతా వరే. క్వింటాలు వడ్లాడిస్తే 5 నుంచి 8 కిలోల తవుడు వస్తుంది. పచ్చిదైతే అందులో 15 నుంచి 20 శాతం, ఉప్పుడుదైతే 20 నుంచి 25 శాతం నూనె. యాసిడ్ పెరిగిన నూనెను రిఫైనరీలో శుద్ధి చేసేటప్పుడు ఆ యాసిడ్‌తో పాటు మంచి నూనె కూడా పోతుంది. మరీ చెడితే సబ్బులకే.

సాల్వెంట్ ప్లాంట్‌లో జరిగేది చూడండి. తవుడు బెడ్ మీద హెక్సేన్ అనే ద్రావకం చల్లుతారు. అది సందుల్లోంచి దిగుతూ నూనెను కరిగించుకుని మిసెల్లాగా కిందికొస్తుంది. నూనె ముందు తవుడు ముక్క లోపలి సన్న రంధ్రాల్లోంచి పైకి రావాలి. తర్వాత ముక్కను అంటిపెట్టుకుని దాదాపు కదలకుండా ఉండే ద్రవపు పొరను దాటి, పారే హెక్సేన్‌లో కలవాలి. పంపు వేగం పెంచితే పలచబడేది ఆ బయటి పొర ఒక్కటే. లోపలి దారి ఇరుకైతే ఎంత హెక్సేన్ కుమ్మరించినా దండగే. మెత్తటి పొడిని అలాగే పోస్తే ఇంకా ఘోరం. పొడి సందులను పూడ్చేస్తుంది, హెక్సేన్ దొరికిన చీలికలోంచి జారిపోతుంది, పక్కనున్న తవుడు తడవనైనా తడవదు. తీయలేకపోయిన నూనె చెక్కతో పాటు దాణాలోకి పోతుంది. ప్లాంటును తిట్టి ఏం లాభం? దానికి మనం పంపిన సరుకే అలాంటిది.

ఈ రెండు నష్టాలనూ ఆపే యంత్రం ఉంది. ఎక్స్‌ట్రూడర్‌లో 130 డిగ్రీల వేడికి లైపేజ్ చస్తుంది, పొడి కట్టుకుని హెక్సేన్ దూరే బోలు ముక్కలవుతుంది. 1985లోనే కాలిఫోర్నియాలోని అమెరికా వ్యవసాయ శాఖ పరిశోధకులు దీన్ని చేసి చూపించి, ప్రచురించారు. డ్రై ఎక్స్‌ట్రూడర్‌కు ఆవిరి కూడా అక్కర్లేదు, స్క్రూ రాపిడి వేడే చాలు. తవుడు నూనెలోని జిగురును ఎంజైమ్‌తో తీసే పద్ధతిని హైదరాబాద్‌లోని పరిశోధన సంస్థ ఐఐసీటీ మన గడ్డ మీదే తయారుచేసింది. కొరత తెలివికి కాదు.

2021-22లో ఉప్పుడు బియ్యం కొనబోమని కేంద్రం అన్నప్పుడు ఢిల్లీ దాకా ధర్నాలు జరిగాయి. పచ్చి బియ్యం ఆడితే వచ్చే నూకల గురించి నెలల తరబడి వాదించుకున్నారు. వడ్లు ఉడకబెట్టినప్పుడే లైపేజ్ చస్తుంది, పచ్చి బియ్యానికి మారితే తవుడు పాడవుతుందన్న మాట ఏ పక్షం నోటా నేను వినలేదు. 2023 జులైలో నూనె తీసిన తవుడు ఎగుమతిని నిషేధించారు, 2025లో గానీ ఎత్తేయలేదు. ప్లాంటు నుంచి బయటికొచ్చే సరుకులో ఎక్కువ బరువు దానిదే. అది బయటికి అమ్ముకునే దారి అన్నాళ్లు మూస్తే, పచ్చి తవుడుకు మంచి ధర ఎక్కడి నుంచి వచ్చేది?

సర్కారు వడ్లు ఆడించే మిల్లరుకు తవుడు దక్కుతుంది. అది రైతు పండించిన పంట. దక్కించుకున్నవాడికి దాన్ని కాపాడే బాధ్యత లేదా? పచ్చి బియ్యం ఆడే ప్రతి మిల్లులో ఎక్స్‌ట్రూడర్ ఉండాలి. చిన్న మిల్లులు సూర్యాపేటలోనో కోదాడలోనో పదీ పన్నెండూ కలిసి ఒకటి పెట్టుకోవాలి, తవుడు ఆ పూటే దాంట్లో పడాలి. కాటా దగ్గరే యాసిడ్ పరీక్ష చేసి, ఆ అంకెను బట్టే ధర కట్టాలి. ఈ షరతుకు ఒప్పుకోని మిల్లుకు వచ్చే యాసంగి వడ్లు ఇవ్వకండి.