పదహారు గళ్ళలో ఇత్తడి చెంబు

చల్లమిరపకాయల గురించి రాసినప్పటి నుంచీ ఉత్తరాలు వస్తూనే ఉన్నాయి. వాటికి వచ్చే వారం తీరిగ్గా జవాబు చెబుతాను. ఈ వారం మాత్రం ఏలూరు చెల్లెలి ఉత్తరం పక్కన పెట్టలేకపోయాను. కొడుకు హాస్టల్‌కి వెళ్ళాక, ఖాళీగా పడున్న వాడి కంప్యూటర్ మీద పిక్సెల్ బొమ్మలు వేయడం మొదలుపెట్టిందట. నెల్లాళ్ళు కూర్చుని తులసికోట వేసి చూపిస్తే తలో మాటా అన్నారట. "ఈ వయసులో నాకిది అవసరమా అక్కయ్యా? మానేశాను" అని రాసింది.

అయ్యో, అప్పుడే మానేయడమేమిటి! నా సంగతి చెబుతాను, విను.

ముందుగా, ఇదేమిటో తెలియని వాళ్ళకి ఒక్క మాట. మ్యాటీ గుడ్డ మీద గళ్ళు లెక్కపెట్టుకుంటూ క్రాస్ స్టిచ్ కుట్టేవాళ్ళం కదా, అదే పని తెర మీద చేయడం. ఒక్కో గడికీ ఒక్కో రంగు. 1983లో సూజన్ కేర్ అనే అమెరికా ఆవిడ మేకింటాష్ కంప్యూటర్ కోసం చెత్తబుట్ట, నవ్వే కంప్యూటరు మొహం లాంటి బొమ్మలన్నీ మొదట గళ్ళ కాగితం మీదే వేసింది. అడ్డం 32 గళ్ళు, నిలువు 32 గళ్ళు. ఉన్నవి నలుపూ తెలుపే. గళ్ళ కుట్టుపని తెలిసిన చెయ్యి ఆవిడది. 1990లో విండోస్‌తో వచ్చిన పేకాటలోని ముక్కలూ ఆవిడ వేసినవే. ఆ ఆట ఆడుతూ పొయ్యి మీద పాలు పొంగించిన వాళ్ళలో నేనూ ఉన్నాను.

అది చదివి, కుట్టుపని వచ్చినదాన్ని నాకు రాదా అని మొదలుపెట్టాను. వేయాలనుకున్నది మా అత్తగారి ఇత్తడి చెంబు. 64 గళ్ళ చదరం తీసుకున్నాను. అంటే మొత్తం 4,096 గళ్ళు! రంగులేమో 31. పసుపులోనే పదకొండు రకాలు. పది రోజులు పట్టింది. ఎంత మురిసిపోయానో చెప్పలేను.

మా చెల్లెలి కొడుకు హైదరాబాద్‌లో కంప్యూటర్ ఆటలు తయారుచేసే చోట పనిచేస్తాడు. వాడికి చూపించాను. చూసి, "ఇదేంటి పెద్దమ్మా, కాలిన గుమ్మడికాయా?" అన్నాడు. పక్కన వాళ్ళావిడ కూడా నవ్వింది. ఆ తర్వాత వాడు ఇంకా ఏమేమో చెప్పాడు గానీ నాకు గుమ్మడికాయ తప్ప ఏమీ వినపడలేదు. పది రోజులు కంప్యూటర్ మీద కప్పిన గుడ్డ తీయలేదు.

పదకొండో రోజున, కోపం కాస్త చల్లారాక, క్యాలెండర్ కాగితం వెనక వాడన్న మాటలన్నీ గుర్తున్నంత వరకు రాశాను. బియ్యంలో రాళ్ళు ఏరినట్టు, చేతికి పని చెప్పని మాటలన్నీ కొట్టేశాను. గుమ్మడికాయ పోయింది. "ఇదంతా మీకెందుకు" పోయింది. "బాగుందిలే" కూడా పోయింది. ఎందుకంటారా, దానితో మాత్రం నేనేం చేసుకోను? చివరికి నాలుగు మిగిలాయి.

ఒకటి: చెంబు చుట్టూ అంచంతా నలుపు వేసి, నడిమధ్యలో మెరుపు పెట్టాను. దీన్ని వాళ్ళ భాషలో పిల్లో షేడింగ్ అంటారట. అంటే వస్తువు ఏదైనా దిండులా ఉబ్బినట్టు కనబడుతుంది. నిజమా అని అత్తగారి చెంబు చింతపండుతో తోమి, కిటికీలో పెట్టి చూశాను. కిటికీ వైపు అంచుకి నలుపే లేదు! నీడంతా అవతలి పక్కనే. ఇత్తడికి మెరుపు కూడా మెత్తగా పాకదు. సన్నటి చారలా, ముదురు రంగు పక్కనే తటాలున వస్తుంది. ముప్ఫై ఏళ్ళు తోమిన చెంబుని ఆ రోజే చూశాననిపించింది.

రెండోది వంపు. వంపు తిరిగే అంచులో గళ్ళు 4, 3, 2, 1 అని వరసగా తగ్గుతూ రావాలి. నేను 4, 1, 3, 1 అని వేశాను. చెంబు సొట్టలు పడ్డట్టుంది మరి. మూడోది రంగులు, గళ్ళు మరీ ఎక్కువవడం. 1989లో వచ్చిన గేమ్‌బాయ్ అనే చేతి ఆటబొమ్మ తెర మీద నాలుగే ఛాయలు. వాటితోనే ఆటలన్నీ నడిచాయి. అంతకుముందు, 1981లో, మియామోటో అనే జపాన్ ఆయన మారియో బొమ్మ వేసేటప్పుడు, ఉన్న కాసిని గళ్ళలో నోరు కుదరక మీసం పెట్టాడు, జుట్టు కుదరక టోపీ పెట్టాడు. నేనూ 16 గళ్ళ చదరానికి, నాలుగు రంగులకి దిగాను. 256 గళ్ళే కాబట్టి ఒక్క గడి తప్పినా వెంటనే తెలిసిపోతుంది. ఒక పూటలో అయిపోయింది.

నాలుగోది, "పిడి పెట్టండి పెద్దమ్మా, జగ్గులా ఉంటుంది" అన్నది. ఇది మాత్రం నేను ఒప్పుకోలేదు. చెంబుకి పిడేమిటి? వాడు చెంబుతో నీళ్ళు తాగి ఎరుగడు. చెప్పేవాడికి పని తెలుసు గానీ, వస్తువు నాకు తెలుసు.

తులసికోట చెల్లెలు కూడా ఆ మాటలన్నీ కాగితం మీద పెడితే ఏమన్నా మిగులుతాయేమో చూసుకోవాలి. ఇంకోటి: చూపించేటప్పుడు "ఎలా ఉంది?" అని అడగకు. "వెలుగు ఎటునుంచి వస్తున్నట్టుంది?" అని అడుగు. బొమ్మని సరిగ్గా పది రెట్లో ఇరవై రెట్లో, అంచులు అలుక్కుపోకుండా పెంచి, పీఎన్‌జీగా దాచి పంపు. వాట్సాప్‌లో ఫోటోగా పంపితే మసకబారుతుంది, డాక్యుమెంట్‌గా పంపాలి. మసకబొమ్మ చూసి వాళ్ళన్న మాటలకి బాధపడడం దండగ.

ఇదంతా ఇలా రాస్తున్నాను గానీ, నాకు రాత్రిళ్ళు నిద్ర పట్టనిచ్చింది కాదు వేరే విషయం. చెంబు కోసం అటక మీది ట్రంకుపెట్టె దింపినప్పుడు అడుగున మ్యాటీ గుడ్డ ఒకటి కనబడింది. మా అమ్మాయి ఏడో క్లాసులో కుట్టిన చిలక, సగం. సూది దానికే తుప్పు పట్టి ఉంది. ఆ రోజు అది మురుస్తూ తెచ్చి చూపిస్తే నేను గుడ్డ తిరగేసి, "వెనక చూడు, ఎలుకలు కొరికినట్టుంది" అన్నాను. మా అత్తగారు నా కుట్టు చూసి అన్న మాటే! అది మళ్ళీ సూది పట్టుకోలేదు. చేతకాక మానేసిందనే ఇన్నాళ్ళూ అనుకున్నాను.

ఫోన్ చేసి చిలక దొరికిందని చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ముందువైపు ఎలా ఉందో అప్పుడు నువ్వు చెప్పనేలేదమ్మా" అంది.

ముందువైపు బాగుంది. రెక్క మీద ఆకుపచ్చలు రెండూ ఎంత పొందికగా కలిపిందో. ఆ మాట ఇరవై ఏళ్ళ తర్వాత చెప్పాను. ఆ సగాన్నీ గడి గడీ లెక్కపెట్టి కంప్యూటర్‌లోకి ఎక్కించి, మిగతా సగం నేను వేసి దానికి పంపాను. మర్నాడు పొద్దున్నే జవాబు వచ్చింది. ముక్కు ఒక గడి ఎక్కువైందట. లెక్కపెట్టి చూశాను, నిజమే.