ఫస్ట్ మ్యాచ్ పోయింది.. సీజన్ కూడా పోయినట్టేనా?

మూడు స్కోర్లు చెప్తా, చూడండి. 0-5, 0-1, 1-2. మూడూ ఒక్క టీమువే, మన హైదరాబాద్ ఎఫ్‌సీవి. మూడూ ఐఎస్ఎల్ సీజన్లలో వాళ్లు ఆడిన మొదటి మ్యాచ్‌లే, మూడూ ఓడినవే. వీటిలో ఏ సీజన్ అన్నిటికంటే ఘోరంగా పోయింది? గూగుల్ చేయొద్దు. స్కోర్ చూసి చెప్పండి.

0-5 అనే అంటారు. కాదు, 1-2.

ఈ లెక్క ఇప్పుడెందుకంటే, మొగుళ్లపల్లి నుంచి ఒక తమ్ముడు మెసేజ్ పెట్టాడు. డిగ్రీ చదువుతున్నాడు, కాలేజీ ఫుట్‌బాల్ టీంలో డిఫెండర్. చుట్టుపక్కల నాలుగు కాలేజీలు కలిసి చిన్న లీగ్ పెట్టుకున్నాయట. ఒక్కో టీం మిగతా మూడింటితో రెండేసి సార్లు ఆడాలి, టాప్‌లో ఉన్న రెండు టీంలు ఫైనల్‌కి. వీళ్లు మొదటి మ్యాచే 0-3 ఓడిపోయారు. "అన్నా, మా పోరగాళ్లు సగం మంది గ్రూప్‌లకెళ్లి లెఫ్ట్ అయిపోయిన్రు. ఇంక మాకు ఛాన్స్ ఉందా, నిజం చెప్పు" అని అడిగాడు. కబడ్డీ, వాలీబాల్ ఊపిరిగా బతికే మా దిక్కు ఫుట్‌బాల్ టీం ఉండటమే ఎక్కువ. అది ఒక్క మ్యాచ్‌తో చెదిరిపోతే మళ్లీ పదకొండు మందిని పోగేయడం అంత ఈజీ కాదు. అందుకే ఊరికే ధైర్యం చెప్పి వదిలేయకుండా లెక్క చూద్దాం అనుకున్నా.

ముందు ఆ 0-5 సంగతి. 2019 అక్టోబర్ 25, కోల్‌కతా. కొత్తగా పుట్టిన హైదరాబాద్ టీంకి అదే మొట్టమొదటి ఐఎస్ఎల్ మ్యాచ్. ఏటీకే ఐదు గోల్స్ వేసింది. రెండో మ్యాచ్ కూడా పోయింది. మూడోది గచ్చిబౌలిలో, సొంత గ్రౌండ్‌లో. కేరళ బ్లాస్టర్స్‌ని 2-1తో కొట్టారు. అబ్బ, ఇంక గాడిలో పడ్డట్టే అనుకున్నారు అభిమానులు. ఆ తర్వాతి గెలుపు ఎప్పుడొచ్చిందో తెలుసా? ఆఖరి లీగ్ మ్యాచ్‌లో, ఫిబ్రవరి 2020లో. మధ్యలో కోచ్ ఫిల్ బ్రౌన్‌ని కూడా పంపించేశారు. 18 మ్యాచ్‌లు, 10 పాయింట్లు, అందరికన్నా కింద. ఒక్క ఓటమి చూసి ఏడ్చేవాళ్లకి చెప్తున్నా, ఒక్క గెలుపు చూసి ఎగిరినా అంతే.

2021 నవంబర్ 23న గోవాలో, ప్రేక్షకులు లేని స్టేడియంలో 0-1. చెన్నైయిన్ ఎఫ్‌సీకి పెనాల్టీ దొరికింది, కోమన్ కొట్టాడు, అంతే. ఆ ఒక్క గోల్ తప్ప టీంలో పెద్దగా విరిగిపోయింది ఏమీ లేదు. కోచ్ మనోలో మార్కెజ్‌కి అది రెండో ఏడాది, కుర్రాళ్లలో చాలామంది ఆయన చేతిలో ముందు సీజన్ ఆడినవాళ్లే. నాలుగు రోజుల తర్వాత ముంబై సిటీతో ఆడారు. ముందు ఏడాది ఛాంపియన్ ముంబైయే. పైగా ఆ మ్యాచ్‌లో ముందు గోల్ కొట్టింది కూడా వాళ్లే. మరో టీం అయితే అక్కడే చేతులెత్తేసేది. వీళ్లు 3-1తో గెలిచారు. ముంబై నుంచే వచ్చిన ఒగ్బెచే ఆ సీజన్‌లో 18 గోల్స్ కొట్టి గోల్డెన్ బూట్ తీసుకున్నాడు.

ఫైనల్ 2022 మార్చి 20న, కేరళతో. ఒక గోల్ వెనకబడి ఉండగా 88వ నిమిషంలో సాహిల్ తవోరా కొట్టిన వాలీ చూడనివాళ్లుంటే ఈ కాలమ్ ఇక్కడ ఆపి చూసి రండి, నేనేమీ అనుకోను. షూటౌట్‌లో కట్టిమణి మూడు పెనాల్టీలు ఆపాడు. 3-1. కప్పు హైదరాబాద్‌ది.

ఇక 1-2. 2023 సెప్టెంబర్ 30, ఈస్ట్ బెంగాల్‌తో. మొదటి గోల్ మనోళ్లదే. చివర్లో ఇంకో గోల్ ఇచ్చుకుని ఓడారు. టీవీలో చూసినవాడికి మంచి మ్యాచే అనిపిస్తది. కానీ అప్పటికే మనోలో వెళ్లిపోయాడు, పాత ప్లేయర్లు వెళ్లిపోతున్నారు, జీతాల బకాయిల గొడవ, కొత్త ప్లేయర్లని తీసుకోకుండా బ్యాన్. సీజన్ మధ్యలో విదేశీ ఆటగాళ్లూ సర్దుకుంటే చిన్న కుర్రాళ్లతో నెట్టుకొచ్చారు. ఆ పిల్లలని తప్పు పట్టే పని లేదు, దొరికిన దాంట్లో ఆడారు. 22 మ్యాచ్‌ల్లో ఒక్క గెలుపు, 8 పాయింట్లు. 2025లో క్లబ్ పేరు మార్చుకుని ఢిల్లీకి పోయింది. అంటే కప్పు కొట్టిన మూడేళ్లకి ఐఎస్ఎల్‌లో మన టీమే లేదు. ఇది రాస్తుంటే ఇప్పటికీ కడుపు మండుతది.

ఇంకో పాత కథ. 'మైదాన్' సినిమా చూసినవాళ్లకి గుర్తుంటది. 1962 జకార్తా ఏషియన్ గేమ్స్‌లో ఇండియా మొదటి మ్యాచ్ దక్షిణ కొరియా చేతిలో 0-2 ఓడింది. కోచ్ మన హైదరాబాదీ సయ్యద్ అబ్దుల్ రహీం, బడిలో పాఠాలు చెప్పిన మనిషి. థాయ్‌లాండ్‌ని కొట్టిన మ్యాచ్‌లో డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకి దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. డిఫెన్స్‌లో తలతో బంతి కొట్టుడు కష్టం కదా, రహీం సాబ్ అతన్ని సెమీస్‌లో ఫార్వర్డ్‌గా దింపాడు. సెమీస్‌లో 3-2. సెప్టెంబర్ 4న ఫైనల్‌లో మళ్లీ అదే కొరియా. 2-1తో గోల్డ్ మెడల్, అందులో ఒక గోల్ ఆ జర్నైల్‌దే. మొదటి ఓటమి తర్వాత రహీం సాబ్ దగ్గర కొత్త ప్లేయర్లేమీ లేరు. ఉన్నవాళ్లనే అటూ ఇటూ మార్చాడు.

ఇప్పుడు మన తమ్ముడి టీం దగ్గరికి వద్దాం. వివరాలు అడిగితే వరుసగా వాయిస్ మెసేజ్‌లు పెట్టాడు. ఫస్టాఫ్ 0-0. మూడు గోల్స్ సెకండాఫ్‌లోనే పడ్డాయి, అవి కూడా 60 నిమిషాలు దాటినంక. వాటిలో రెండు కార్నర్‌ల నుంచి. వీళ్లు రెండు సార్లు గోల్ దాకా పోయి బయటికి కొట్టారు.

ఇది చెడ్డ రిపోర్ట్ కాదు. కార్నర్‌లో ఎవరు ఎవర్ని పట్టుకోవాలో ముందే పేర్లు చెప్పుకుంటే సగం పోతది, దానికి వారం ప్రాక్టీస్ చాలు. వాళ్ల గోల్‌కీపర్ అసలు వాలీబాల్ ప్లేయరట. చేతులు మంచిగున్నయి కానీ లైన్ వదిలి ముందుకు రాడట. రోజూ సాయంత్రం ఇరవై బంతులు గాల్లో లేపి వాణ్ని బయటికొచ్చి పట్టమనండి.

నన్ను ఆపింది వేరే మాట. "ఎంతమంది పోయిన్రు మ్యాచ్‌కి?" అంటే "పన్నెండు మందిమన్నా" అన్నాడు. మిగతా నలుగురు పత్తి ఏరుడుకి పోయారు. కూలీలు దొరక్క ఇంట్లో రమ్మంటే ఎవడు కాదంటాడు? ప్రాక్టీస్‌కి వచ్చేవాళ్లు కూడా బస్సు పోతదని మధ్యలోనే బూట్లు విప్పేస్తారట. 60 నిమిషాల తర్వాత గోల్స్ ఎందుకు పడ్డాయో వేరే చెప్పాలా? అలిసిపోయినోణ్ని కూర్చోబెట్టడానికి బెంచీ మీద ఒక్కడే ఉన్నాడు.

కాబట్టి తమ్మీ, నిజం అడిగావు కాబట్టి చెప్తున్నా. ఇంకా ఐదు మ్యాచ్‌లున్నాయి, 15 పాయింట్లు. నాలుగు టీంల లీగ్‌లో మూడు గెలిచి ఒకటి డ్రా చేస్తే ఫైనల్‌కి గట్టి పోటీలో ఉంటారు. ఇదే పన్నెండు మందితో ఆడితే మీది మూడో ప్లేస్, మహా అయితే. పదిహేను మంది వస్తే ఫైనల్ మీద నేను పందెం కాస్తా, ఒక బిర్యానీ వరకు. ప్రాక్టీస్ సాయంత్రం కాకుండా పొద్దున కాలేజీకి ముందు పెట్టమని మీ పీటీ సార్‌ని అడగండి, బస్సు గొడవ ఉండదు. పత్తి చేలల్లో ఉన్న ఆ నలుగురి ఇండ్లకి ఆదివారం మీరే పది మంది పోయి ఒక పూట ఏరి రండి. వాళ్ల అమ్మానాన్నలే మ్యాచ్ రోజు పంపిస్తారు. ఇంక గ్రూప్‌లకెళ్లి లెఫ్ట్ అయినోళ్లని ఈ రాత్రికే మళ్లీ యాడ్ చెయ్.