గుర్రముల ప్రక్కన గుడారము



2023వ సంవత్సరములో మేమిద్దరము అమెరికా వెళ్లి వచ్చినప్పటి నుండి ఏ గ్రామమునకు వెళ్లినా ఒకటే ప్రశ్న. “నయాగరా జలపాతం చూశారా అయ్యగారూ?” చూడలేదు. “అయితే ఏం చూశారు?” అడవిలో ఒక సరస్సు గట్టున రెండు రాత్రులు గుడారములో పడుకొని, గుర్రముల లద్దె ఎత్తి వచ్చామని చెప్పితే నవ్వుచున్నారు. నవ్వవలసినదే. అయితే ఆ రెండు రాత్రులలో జరిగిన ఒక సంగతిని మేము ఇంతకాలము ఎక్కడా చెప్పలేదు. మా శ్రీమతిని అడిగి, ఆమె సరేనన్న తరువాత ఇప్పుడు వ్రాయుచున్నాము.

మా సంఘములో సండేస్కూలు పిల్లవాడుగా పెరిగిన ఒక యౌవనస్థుడు డెట్రాయిట్ నగరము దగ్గర ఉద్యోగము చేయుచున్నాడు. అతని ఇంటనే దిగాము. అతనికి తెలిసిన ఒక అమెరికా పెద్దాయన ఉన్నారు. కార్ల కర్మాగారములో పని చేసి విశ్రాంతి తీసికొన్నారు. మెథడిస్టు సంఘ పెద్ద. భార్య ప్రభువునందు నిద్రించినది. ఊరి వెలుపల ఆయనకు రెండు గుర్రములు ఉన్నవి. ఇండియా నుండి పాస్టరు దంపతులు వచ్చారని విని, “నాతో అడవికి వస్తారా?” అని అడిగారు. మా శ్రీమతి మాకంటే ముందు తల ఊపినది.

మిషిగన్ రాష్ట్రమునకు పడమట మిషిగన్ సరస్సు, తూర్పున హ్యూరాన్ సరస్సు. సరస్సులనగా మన చెరువుల వంటివి అనుకొనవద్దు. అవతలి ఒడ్డు కనబడదు. అలలు కొట్టుచుండును. నీళ్లు మాత్రము ఉప్పన కావు. ఆ ఒడ్డు నుండి ఈ ఒడ్డుకు అడవుల గుండా గుర్రముల వారికి ఒక దారి ఉన్నది. 1960లలో స్వారీ చేయువారు కలిసి ఏర్పరచుకొన్నారు. పడమట ఎంపైర్ అను చిన్న ఊరి నుండి తూర్పున ఆస్కోడా వరకు సుమారు 220 మైళ్లు. ఉత్తర దక్షిణముల శాఖలు కూడ కలిపితే 500 మైళ్ల వరకు వచ్చును. పయనమయ్యేవారు మొదట మిషిగన్ సరస్సులో గుర్రము గిట్టలు తడిపి, చివరకు హ్యూరాన్ సరస్సులో తడుపుట వాడుక. మధ్యలో ఒక పగటి నడకకు ఒకటి చొప్పున మజిలీలు ఉన్నవి. మన తాతలు ఎడ్లబండి కట్టుకొని దూరపు కూటములకు వెళ్లునప్పుడు చింతతోపులో దిగేవారు గదా, అటువంటివే.

మేము దిగినది పడమటి చివరనున్న గేరీ సరస్సు ప్రక్కన. అక్కడివారు దానిని ‘రస్టిక్’ మజిలీ అందురు. అనగా మోటుది. కరెంటు లేదు. స్నానపు గది లేదు. ఒక గుంట మరుగుదొడ్డి, నీళ్లకు చేతి బోరింగు, కట్టెలు కాల్చుకొనుటకు ఇనుప కట్టు. పెద్దాయన ఇబ్బంది పడుచు, “మీకు కష్టంగా ఉంటుందేమో” అన్నారు. మా శ్రీమతి నవ్వి బోరింగు పట్టుకొన్నది. కష్టమేమి, పుట్టింటికి వచ్చినట్లున్నది అన్నది.

అక్కడ మొదట నేర్చుకొన్నది వరుస. బండి ఆగగానే మేము గుడారపు మూటలు దించబోయాము. పెద్దాయన ఆపారు. ముందు గుర్రములు దిగవలెను. వాటికి నీళ్లు. తరువాత వాటిని కట్టు చోటు. తరువాత మేత. వాటి పని అంతయు అయిన తరువాతనే మనుష్యుల గుడారము, మనుష్యుల టీ. జాన్ వెస్లీ గారు (ఆయన 1791లో మరణించారు) తన ప్రసంగికులకు పెట్టిన నియమములలో ఇదియు ఒకటని ఆయన చెప్పారు. ప్రసంగికుడు తన గుర్రమును మితముగా నడపవలెను, దానికి మాలీసు, మేత, పడక అమరినవని తన కన్నులతోనే చూచుకొనవలెను, పనివానికి చెప్పి ఊరకుండరాదు. 1771లో అమెరికా వచ్చిన ఫ్రాన్సిస్ ఆస్బరీ గారు 1816లో చనిపోవు వరకు ఊరి నుండి ఊరికి, అడవుల గుండా, ఎక్కువ భాగము గుర్రము మీదనే పరిచర్య చేశారు. “నా గుర్రాలు నన్ను సరదాకి మోస్తున్నాయి. ఆయన గుర్రాలు సువార్తను మోశాయి” అని పెద్దాయన అన్నారు.

గుర్రమును చెట్టుకు కట్టరాదని అక్కడ తెలిసినది. అది నిలిచిన చోట నిలువక కాలితో గీరుచుండును, వేళ్లు బయటపడును. త్రాడు ఒరసి బెరడు ఊడును. చివరకు చెట్టు ఎండిపోవచ్చును. అందుచేత రెండు గుంజల మధ్య, గుంజలు లేని చోట రెండు చెట్లకు వెడల్పాటి పట్టీలు చుట్టి, గుర్రము తలకంటె ఎత్తున ఒక మోకు బిగించి, ఆ మోకుకు పలుపు కట్టుదురు. పలుపు పొడవు ఎక్కువైతే కాలు చిక్కుకొనును, తక్కువైతే తల దించి మేయలేదు. ఎర్ర మేపుల్ చెట్టు, అడవి చెర్రీ చెట్టు దాపున కట్టరాదు. వాటి ఆకులు కొమ్మ విరిగి వాడినప్పుడు గుర్రమునకు విషము. ఎండకు వాడిన లేత జొన్న పిలకలు మేసి పశువు పడిపోవుట మన రైతులకు తెలిసిన సంగతే. చెర్రీ ఆకులోని విషమును అటువంటిదేనట.

ఇక లద్దె. ఒక్కొక్క గుర్రము రోజుకు ఇరువది కిలోలకు పైగానే వేయును. దానిని పార మీద ఎత్తి, అందుకొరకు కేటాయించిన చోట వేసి రావలెను. తరువాత వచ్చేవారికి మన గుర్రము అక్కడ ఉన్నదన్న జాడ కూడ ఉండరాదు. ద్వితీయోపదేశకాండము 23:12-14లో పాళెము పరిశుభ్రతను గూర్చి దేవుడు ఇశ్రాయేలీయులకు ఇచ్చిన ఆజ్ఞ చదువుకొనండి. ఆ వచనముల మీద ఇరువది ఏండ్లలో ఒక్కసారైనను ప్రసంగించలేదు. పార చేత పట్టుకొన్నప్పుడు గాని జ్ఞాపకము రాలేదు.

శనివారము ఉదయము స్వారీ. జీనుతో కలిపి గుర్రము తన బరువులో అయిదవ వంతుకు మించి మోయరాదని ఒక లెక్క ఉన్నదట. పెద్దాయన మా వైపు ఒకసారి ఎగాదిగా చూచి, పెద్ద గుర్రము మీద అరగంట మాత్రము ఎక్కించి, మర్యాదగా దింపివేశారు. మా శ్రీమతి మాత్రము డాలీ అను ముసలి ఆడగుర్రము మీద సరస్సు చుట్టు చాలాసేపు తిరిగి వచ్చినది. డాలీకి ఇరువది నాలుగేండ్లు. మన లెక్కలో ముత్తవ్వ. జోరీగలు ముసిరితే మా శ్రీమతి తన చున్నీ తీసి దాని ముఖము మీద కప్పినది.

ఆ సాయంత్రము నాలుగింటికి బయలుదేరి డెట్రాయిట్ చేరవలెనని ఏర్పాటు. ఆదివారము ఉదయము పదిన్నరకు అక్కడి తెలుగు సహవాసములో మేము వాక్యము చెప్పవలెను. లూకా 15లో తప్పిపోయిన గొఱ్ఱె. రెండు వారములు సిద్ధపడ్డాము. నిజము చెప్పవలెనంటే, ఆ ప్రయాణమంతటిలో మేము ఎదురుచూచినది ఆ గంట కొరకే.

మధ్యాహ్నము డాలీ మేత మానినది. తల త్రిప్పి తన డొక్కను చూచుకొనుచున్నది. ముందు కాలితో నేల గీరినది. కాసేపటికి పడుకొని దొర్లబోయినది. పెద్దాయన ముఖము మారిపోయినది. దాని డొక్కకు చెవి ఆన్చి విన్నారు. లోపల చప్పుడు లేదు. ఉదయము నుండి లద్దె వేయలేదు. బకెట్టులోని నీళ్లు కూడ ముక్కాలు భాగము అట్లే ఉన్నవి. ఆ బోరింగు నీళ్లకు ఇనుప వాసన ఉన్నది. ఇంటి నీళ్లకు అలవాటైన గుర్రము క్రొత్త నీళ్లు ముట్టకపోవచ్చును. రోజుకు ముప్పది లీటర్లు త్రాగవలసినది మూడు నాలుగు లీటర్లతో ఎండుగడ్డి మేసినది. అది లోపల బిగిసినది. గుర్రమునకు వాంతి కాదు. లోపలికి పోయినది వెనుకకు రాదు. అందుచేత మనకు సామాన్యమైన కడుపునొప్పి దానికి ప్రాణాంతకము.

ఫోనుకు సిగ్నలు లేదు. మన యౌవనస్థుడు బండి తీసికొని గుట్ట మీదికి పోయి పశువుల డాక్టరుకు ఫోను చేసి వచ్చాడు. ఆమె వచ్చేసరికి నాలుగు దాటినది. నొప్పికి సూది వేసి, ముక్కు గుండా గొట్టము దింపి, గోరువెచ్చని నీళ్లు, నూనె కడుపులోనికి పోసినది. గుండె నిమిషమునకు అరువది సార్లు కొట్టుకొనుచున్నది, నలుబదికి లోపల ఉండవలెనన్నది. ఈ వయస్సులో ఆపరేషను తట్టుకొనలేదు. తెల్లవారులోగా లద్దె వేస్తే బ్రతుకును. లేకపోతే మరల పిలవండి, బాధ పడకుండ ముగించెదను అని చెప్పి వెళ్లినది.

అప్పుడు మేము చేసిన పని వ్రాయుటకు సిగ్గుగా ఉన్నది. మేము గడియారము చూచాము. మన యౌవనస్థుని ప్రక్కకు పిలిచి, గుర్రముల పెట్టె ఇక్కడ విప్పి, ఆ బండిలో మనము వెళ్లిపోవచ్చునా, పెద్దాయన ఇక్కడ ఉండును గదా అని అడిగాము. అతడు తల దించుకొని, “అయ్యగారూ, దానికేమైనా అయితే ఆయనకు బండి కావాలి కదండీ” అన్నాడు. మా మాట అర్థము కాకపోయినను మా చూపు పెద్దాయనకు అర్థమైనది. దగ్గరకు వచ్చి, మీ ఆరాధన మీకు ముఖ్యమని తెలుసును, క్షమించండి, దీనిని ఇక్కడికి తెచ్చినది నేను గదా అన్నారు. అంతే. పలుపు పట్టుకొని డాలీని నడిపించుట మొదలుపెట్టారు. పదిహేను నిమిషములు నడక, పదిహేను నిమిషములు విశ్రాంతి. మన యౌవనస్థుడు మరల గుట్ట ఎక్కి, పాస్టరు గారు రాలేరని సహవాసపు పెద్దలకు చెప్పి వచ్చాడు.

రాత్రి చలి పెరిగినది. ఆగస్టు నెలయైనను అక్కడి రాత్రులు మన డిసెంబరు రాత్రుల వలె ఉన్నవి. మేమిద్దరము మంట ప్రక్కన కూర్చున్నాము. పెద్దాయన దీపము చెట్ల మధ్య అటు పోవుచున్నది, ఇటు వచ్చుచున్నది. చాలాసేపటికి మా శ్రీమతి మెల్లగా అన్నది. “ఆయన గుర్రాన్ని వదిలి పోలేదండీ.”

ఆమె వేరే ఏమియు అనలేదు. అనవలసిన అవసరము లేదు. 2008లో మా అమ్మాయికి మూడేండ్లు. మేము మూడు రాత్రుల ఉజ్జీవ కూటములకు వేరొక ఊరు వెళ్లియున్నాము. రెండవ రాత్రి ఫోను వచ్చినది. పాపకు జ్వరము ఎక్కి ఫిట్సు వచ్చినది, రండి అని. మేము ఫోనులోనే ప్రార్థన చేసి, మూడవ రాత్రి కూడ ముగించుకొనియే వెళ్లాము. ఆమె ఒక్కతియే పొరుగువారి ట్రాక్టరు మీద, బిడ్డను ఒడిలో పెట్టుకొని, పదునెనిమిది కిలోమీటర్లు వెళ్లి ఆసుపత్రిలో చేర్చినది. బిడ్డ బ్రతికినది, దేవునికి స్తోత్రము. ఆ మూడవ రాత్రి సంగతి మేము అనేక వేదికల మీద సాక్ష్యముగా చెప్పాము. పరిచర్యను విడువలేదని. చెప్పిన ప్రతిసారి మా శ్రీమతి స్త్రీల వరుసలో కూర్చుండి వినినది. పదునయిదేండ్లు.

ఆదికాండము 33:13-14లో ఏశావు కలిసి పోదము రమ్మని పిలిచినప్పుడు యాకోబు ఏమని బదులు చెప్పెనో చూడండి. పిల్లలు పసివారు, పశువులు పాలిచ్చునవి, ఒక్క దినము వడిగా తోలితే చచ్చును, కాబట్టి వాటి నడకను బట్టియే వచ్చెదనని. యాకోబును మోసగాడని ప్రసంగించాము, కుస్తీ పట్టినవాడని ప్రసంగించాము. ఈ మాట మాత్రము దాటిపోయాము.

ఆ మంట దగ్గర మేము ఆమెతో చెప్పవలసినది చెప్పాము. అది ఇక్కడ వ్రాయము. తరువాత లేచి వెళ్లి పెద్దాయన చేతిలోని పలుపు తీసికొన్నాము. ఆయన ఒక గంట కునుకు తీశారు. అర్ధరాత్రి అడవిలో ముసలి గుర్రమును నడిపించుచుంటే ప్రసంగపు వేగము పనికిరాదు. అది ఆగితే ఆగవలెను. దాని ఊపిరి మా భుజము మీద వెచ్చగా తగులుచుండెను.

నాలుగు గంటలప్పుడు డాలీ తోక ఎత్తినది. చిన్నచిన్న ఉండలు, అయిదో ఆరో. మేము కేక వేశాము. పెద్దాయన చెప్పులు లేకుండ పరుగెత్తి వచ్చి, దీపము పెట్టి ఆ లద్దెను చూచి, మమ్మును కౌగలించుకొన్నారు. మా శ్రీమతి స్తోత్రము స్తోత్రమనుచు గుడారములో నుండి వచ్చినది. వెలుగు వచ్చినప్పుడు డాలీని సరస్సులోనికి నడిపించాము. నీళ్ల మీద పచ్చని నాచు తెట్టె ఉంటే త్రాగనీయరాదట, అక్కడ నీళ్లు తేటగా ఉన్నవి. మోకాళ్ల లోతున నిలిచి, మూతి ముంచి, చెవులు ఆడించుచు చాలాసేపు త్రాగినది. డాక్టరు చెప్పినట్లు మధ్యాహ్నము వరకు దానిని పెట్టె ఎక్కించలేదు. పదిన్నరకు మేము పార పట్టుకొని ఉన్నాము.

దారిలో సిగ్నలు రాగానే నర్సింగు చదువుచున్న మా అమ్మాయికి ఫోను చేశాము. అక్కడ రాత్రి పది దాటినది. ఈ రాత్రి ప్రసంగము మానుకొని ఒక గుర్రమునకు కాపలా ఉన్నామని చెప్పితే మొదట నమ్మలేదు. వాళ్ల అమ్మ ఫోను తీసికొని నిజమే అన్నది. మరల ఫోను మా చేతికి వచ్చినది. కాసేపు ఏమియు వినబడలేదు. తరువాత, “నీళ్లు తాగిందా నాన్నా?” అని అడిగినది.

త్రాగినదమ్మా అని చెప్పాము.